ఏడో వాటా కోటమ్మది

మేకన్, జార్జియా
ఏప్రిల్ 14, 2025

నాయనమ్మా,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్‌లో నీకు సగం వినపడదు, మిగతా సగం పెదనాన్న స్పీకర్‌లో వింటాడు. ఇది ఆయన వినకూడదు. ఉషా పెద్దమ్మ కవర్ తెచ్చిస్తే నీ గదిలోకెళ్ళి చదువు.

ముందు ఒకటి చెప్పు. నువ్వొక ఫుట్‌బాల్ టీమ్‌కి ఓనర్‌వని నీకు తెలుసా?

నిన్న మా ఆఫీస్ గోడకి కొత్త ఓనర్ల పేర్ల పలక బిగించమన్నారు. ఏడు పేర్లు. ఆరు పెదనాన్న ఫ్రెండ్స్, ఆ అల్ఫారెట్టా అంకుల్స్‌వి. ఏడోది కోటమ్మ తాళ్లూరి. డ్రిల్ మెషిన్ పట్టుకుని అలా నిలబడిపోయాను.

పెదనాన్నా ఆయన ఫ్రెండ్సూ మా టీమ్ కొన్నారని నాకు తెలుసు. ఆ సిఫార్సుతో నాకీ పని దొరికిందనుకునేవు, వాళ్ళు కొనక ముందు నుంచే నేనిక్కడున్నాను. తన వాటా నీ పేరు మీద పెట్టాడని మాత్రం తెలీదు. అడిగితే, "అమ్మ పేరు మీద కొన్నవన్నీ కలిసొచ్చాయమ్మా, గుంటూరు స్థలం చూడు" అన్నాడు.

మాది టీవీలో చూపించే పెద్ద ఫుట్‌బాల్ కాదు. ఐస్ హాకీ హాల్లో, ఐస్ మీద చెక్కలు వేసి, వాటి మీద ప్లాస్టిక్ గడ్డి పరిచి ఆడే చిన్న ఫుట్‌బాల్. చుట్టూ గోడ. గోడకి గుద్దుకుని చావకుండా మెత్తటి ప్యాడ్లు. ఆ గడ్డి పరిచేదీ ప్యాడ్లు కట్టేదీ మేం నలుగురం. టీమ్ పేరు మేకన్ మ్యూల్స్. మ్యూల్ అంటే కంచరగాడిద. నవ్వకు.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ఎవరికి వెయ్యాలో చూసి వేసేవాడు. జట్టంతా వాడి చేతి మీద నడుస్తుంది. మావాడి పేరు ఐజయా. ఇరవై ఒకటో ఏడు. పొద్దున గొడౌన్‌లో పెట్టెలు మోసి, మధ్యాహ్నం వచ్చి బంతి వేస్తాడు. అలిసిపోయిన చేత్తో వేసి కూడా లీగ్‌లో అందరికంటే బాగా వేస్తాడు. వాడికి మూడేళ్ళ కాంట్రాక్ట్ ఇవ్వాలా వద్దా అని ఓనర్లలో గొడవ. ఇస్తే ఈ లీగ్‌లో ఎవరికీ దొరకనంత పెద్దది. గొడౌన్ మానేసి ఆటే ఆడుకోవచ్చు. జూన్ దాటితే ఇంకో ఊరి టీమ్ ఎగరేసుకుపోతుంది.

ముగ్గురు అంకుల్స్ ఇద్దామంటున్నారు. ముగ్గురు వద్దంటున్నారు. మిగిలింది నువ్వు. పెదనాన్న నీ చేత "వద్దు" అని సంతకం పెట్టిస్తాడు. పెట్టకు. వాడు దానికి తగినవాడు. రోజూ చూస్తున్నదాన్ని చెప్తున్నాను. నా మాట నమ్ము.

తింటున్నాను. వేలికి దెబ్బ తగిలింది, మానింది.

నీ స్రవంతి


ఫ్రిస్కో
ఏప్రిల్ 22

చిరంజీవి స్రవంతికి, గాడిదల యజమానురాలు కోటమ్మ.

నీ ఉత్తరం చదివి మళ్ళీ చదివాను. నా పాత ఉత్తరాలు ముందేసుకుని నీ అంతట నువ్వు నేర్చుకున్న రాత కదా, అక్షరాల తప్పులకి మార్కులు తగ్గించలేదు.

నేను ఓనర్నని నాకు తెలీదు. సంక్రాంతి వెళ్ళాక మీ పెదనాన్న ఏవో కాగితాలు తెచ్చి "ఇక్కడ పెట్టమ్మా, ఇక్కడ కూడా" అన్నాడు. నా ఆరోగ్య బీమా అనుకుని పెట్టాను. నువ్వు రహస్యం అన్నావు గానీ నేను ఆ రోజే భోజనాల దగ్గర అడిగేశాను. ఓనరు దొంగచాటుగా ఉండటం బాగుండదు. "ఏరా జగన్, నాకు గాడిదల్ని కొనిపెట్టావట" అన్నాను. ఉషకి పొలమారింది. వాడు "అది జస్ట్ పేపర్ మీదేనమ్మా" అన్నాడు. "ఈ ఇల్లు నీదని కూడా పేపర్ మీదే కదరా ఉంది" అన్నాను.

వాడి వాదనా విన్నాను. ఆ అబ్బాయి ఆడింది ఒక్క సీజన్. "ఒక్కసారి రన్ అయిందని కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెట్టరమ్మా, ఇంకో ఏడాది చూద్దాం" అంటాడు. నాకు కోడ్ తెలీదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో రిటైరయ్యేదాకా డ్రిల్ టీచర్ని. ఆడపిల్లల జట్లు ఎంపిక చేసినదాన్ని. ఒక్క ఆట చూసి జట్టులో వేసుకున్న పిల్లలున్నారు, మూడేళ్ళు చూసి కూడా వేసుకోని పిల్లలున్నారు.

నీ మాట నమ్మమన్నావు. నీ మాట మీదే చెయ్యెత్తేటట్టయితే నేనెందుకు, నీ పేరే రాయించుకోవచ్చు. నాకు ఇవి కావాలి. వాడి ఇంట్లో ఎవరెవరున్నారు? ఎవరు చెప్తే వింటాడు? ఏం తింటాడు? కోపం వస్తే ఏం చేస్తాడు? పెద్దావిడ ఎవరైనా ఉంటే ఫోన్ నంబరు పంపు. అన్నీ వివరంగా రాయి, దాపరికం వద్దు.

ఆ వేలికి ఏం రాశావో రాయలేదు.

నాయనమ్మ


మేకన్
ఏప్రిల్ 29

నాయనమ్మా,

నీ ప్రశ్నలు చదివి ఒళ్ళు మండింది. ఇది పెళ్ళిచూపులు కాదు. వాడు బంతి ఎంత దూరం వేస్తాడని అడుగు, ఎన్నిసార్లు గురి తప్పాడని అడుగు. వాడేం తింటే నీకెందుకు?

నువ్వు అక్కడ ఎవరితో ఏం మాట్లాడావో గానీ, మొన్న ఉషా పెద్దమ్మ ఫోన్ చేసి "అబ్బాయి పొడుగ్గా ఉంటాడా?" అని మెల్లగా అడిగింది. ఆ మెల్లగా అడగడం నాకు తెలుసు. నిన్న అల్ఫారెట్టా నుంచి మీనా ఆంటీ మెసేజ్, "హ్యాపీ ఫర్ యూ కన్నా" అని. ఈ రోజు శాంటా క్లారా నుంచి అమ్మ ఏడుపు. నేను కాలేజీ మానేసినప్పుడు కూడా ఇంత ఏడవలేదు. అందరూ వినండి. నాకు వాడితో ఏమీ లేదు. వాడి మొహం చూస్తే నాకు దాదాపు రోజూ తిట్టాలనే ఉంటుంది.

కోపం సంగతి అడిగావు కాబట్టి చెప్తాను. మార్చిలో వాడు వేసిన బంతి అవతలి జట్టువాడు పట్టేస్తే, వచ్చి గోడ ప్యాడ్‌ని కాలితో తన్నాడు. కుట్లు ఊడాయి. ఆట అయ్యాక వెళ్ళి, "ఇది మీ అమ్మమ్మ వచ్చి కుడుతుందా?" అన్నాను. "ముందు ఆ మూల ప్యాడ్ సరిగ్గా కట్టు, కేసీ భుజం విరిగేది" అన్నాడు. కేసీ అంటే వీడు వేసిన బంతి పట్టుకునేవాడు. వెళ్ళి చూస్తే మూల ప్యాడ్ వదులుగానే ఉంది. కట్టింది నేనే. వాడు నాకు సారీ చెప్పలేదు, నేనూ వాడికి చెప్పలేదు. మూల బిగించాను, ఊడింది కుట్టాను. మా మధ్య ఉన్నది అంతే. రాసి పెట్టుకో, పెద్దమ్మకి చదివి వినిపించు.

వాడిని పెంచింది అమ్మమ్మ. పేరు లొరెయిన్. నంబర్ ఇవ్వను. ఒక పనివాడికి జీతం ఇవ్వడానికి వాడి అమ్మమ్మకి ఫోన్ చేస్తారా ఎక్కడైనా? పెదనాన్నకి ఉద్యోగం ఇచ్చినప్పుడు నీకెవరైనా ఫోన్ చేశారా?

వేలికి ఏమీ రాయలేదు. టేప్ చుట్టాను.

స్రవంతి


ఫ్రిస్కో
మే 8

స్రవంతీ,

తిట్టడం అయిందా. ఇక విను.

పెళ్ళి సంగతి నా నోట రాలేదు. నా ప్రశ్నలు బల్ల మీద రాసుకుంటుంటే ఉష చూసింది. అమ్మాయి రాసింది, అబ్బాయి ఉన్నాడు, వంశం అడుగుతున్నాం అంటే ఇక వాళ్ళకి వేరే అర్థం తోచదు. సర్దిచెప్పాను. మీ పెదనాన్న మాత్రం ఇంకా నమ్మలేదు. "దానికి వాడి మీద ఏదో ఉందమ్మా, అందుకే ఇంత గట్టిగా చెప్తోంది. నీ ఓటు అసలు చెల్లకపోవచ్చు" అంటున్నాడు. ఆడపిల్ల ఒకడి ఆట బాగుందంటే ఆట గురించే అన్నదని మనవాళ్ళకి తట్టదు. ఆ మాట వాడితోనూ అన్నాను.

ఆ ప్రశ్నలు నేను జట్టులోకి తీసుకున్న ప్రతి పిల్ల ఇంటికీ వెళ్ళి అడిగినవే. నేను నేర్పిన బాల్ బ్యాడ్మింటన్‌కి కావలసింది చేతి విసురొక్కటే కాదు. ఐదుగురు ఆడే ఆట, ఉన్ని బంతి, గాలి కొడితే ఎటో పోతుంది. ఇంట్లో అన్నం సరిగ్గా పెట్టని పిల్ల రెండో ఆటకి పడిపోతుంది. నాన్నకి భయపడే పిల్ల ముందుకి రాదు. ఇవి తెలుసుకోకుండా జట్టు కట్టలేం.

ఇంకోటి రాయాలి. నేను యూనివర్సిటీకి ఆడిన ఏడాది రైల్వేవాళ్ళు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇస్తామన్నారు. ఆడినంత కాలం జీతం, ఆట మానేశాక కూడా జీతం. మా నాన్న "ఒక్క ఏడాదేగా ఆడింది, మళ్ళీ ఏడు కూడా ఇలాగే ఆడితే చూద్దాం" అన్నాడు. మళ్ళీ ఏడు కూడా అలాగే ఆడాను. అడిగేవాళ్ళు లేరు. వాళ్ళకి కావలసినవాళ్ళు దొరికేశారు.

ఇది చదివి నువ్వు "ఇంకేం, నాయనమ్మ ఇచ్చేస్తుంది" అనుకుంటావు. అక్కడే ఆగు. నాకు ఇవ్వలేదు కాబట్టి వీడికి ఇచ్చెయ్యడం నా ఏడుపు తీర్చుకోవడం అవుతుంది. ఓనరు పని అది కాదు. జగన్ "ఏడాది ఆగుదాం" అన్నప్పుడల్లా మా నాన్న గొంతు వినపడి చెయ్యి లేపబోతున్నాను. అందుకే నా మీద నాకే అనుమానంగా ఉంది. నేను ఆ పిల్లాడిని కళ్ళారా చూడాలి.

ఉష గోంగూర పచ్చడి చేసింది. పంపమన్నాను. పార్సెల్ పగలకుండా వస్తే నీ అదృష్టం.

నాయనమ్మ


మేకన్
మే 19

నాయనమ్మా,

పచ్చడి వచ్చింది. తినను.

శనివారం పెద్దమ్మకి ఫోన్ చేస్తే, "అత్తయ్య సంతకం పెట్టేసిందిలే, మీ పెదనాన్న పోస్ట్ కూడా చేసొచ్చారు" అంది. నేను ఇంకేం అడగలేదు.

చూడాలన్నావు. కళ్ళారా అన్నావు. మళ్ళీ వాళ్ళు చూపించిన చోట సంతకం పెట్టావు. నేనేం అనుకున్నానంటే, మా ఇంట్లో ఒక్కరైనా ఒక పనివాడి పని చూసి మాట్లాడతారని. అందరికీ డిగ్రీ కావాలి, ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలి, ఇంకో ఏడాది కావాలి. నేను ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకున్నప్పుడు నాన్న "అదేం చదువు?" అన్నాడు. వెల్డింగ్ నేర్చుకున్నప్పుడు ఫోనే పెట్టేశాడు. నువ్వొక్కదానివే "కళ్ళకి అద్దాలు పెట్టుకుంటున్నావా" అని అడిగావు. అందుకే నీకు రాశాను. రాయకుండా ఉండాల్సింది.

నిన్న ఐజయా ఆడిన ఆట నువ్వు చూడలేదు. ముగ్గురు మీద పడుతుంటే ఒంటికాలి మీద నిలబడి, గోడ పక్కనుంచి, అరచెయ్యంత సందులోంచి వేశాడు. హాలంతా లేచి నిలబడింది. నేను గడ్డి రోల్ మీద కూర్చుని ఉన్నాను, నేనూ లేచాను. అలాంటివాడికి మీరందరూ కలిసి "ఇంకో ఏడాది" అన్నారు. సంతోషం.

మీ నాన్నకీ మీకూ తేడా లేదు.

స్రవంతి


ఫ్రిస్కో
మే 26

ఏమే పిల్లా,

ఎవరి మీద అరుస్తున్నావో చూసుకుని అరువు.

నేను సంతకం పెట్టింది వీసా కాగితం మీద. నాకిచ్చిన ఆరు నెలలు జూన్ రెండో వారానికి అయిపోతాయి. మామూలుగా అయితే టికెట్ తీసి పంపేసేవాళ్ళు. "ఓనర్ల మీటింగు జూన్ ఇరవై ఒకటిన అన్నావుగా, అది అయ్యేదాకా నేను కదలను. గడువు పెంచమని రాయి" అన్నాను. జగన్ లాయరుతో మాట్లాడి అప్లికేషన్ తెచ్చాడు. ఈసారి ప్రతి పేజీ చదివాను. ఇంగ్లీషు మెల్లగా చదువుతాను గానీ చదువుతాను. రెండు చోట్ల నా పుట్టిన తేదీ తప్పు వేశారు, దిద్దించాను. అప్పుడు పెట్టాను సంతకం. మీ పెదనాన్న పోస్ట్ చేసింది అది.

ఎందుకు ఉండాలనుకుంటున్నారని ఒక గడి ఉంది. "పర్యటన" అని రాద్దామన్నాడు లాయరు. సరే అన్నాను. మనసులో మాత్రం వేరే కారణం రాసుకున్నాను.

జూన్ పధ్నాలుగున మీ ఊళ్ళో ఆట ఉందట. నేనూ జగనూ వస్తున్నాం. ఆట అయ్యాక అల్ఫారెట్టాలో రాజీవ్ ఇంట్లో దిగుతాం. రాజీవ్ కూడా ఒక ఓనరే, "ఇద్దాం" అనే ముగ్గురిలో ఒకడు. మీటింగు వాళ్ళింట్లోనే. ఓనర్లకి పైన అద్దాల గది ఉంటుందట, అక్కడ నాకు వద్దు. ఆటగాళ్ళ మొహాలు కనపడే చోట సీటు చూడు. నేను వస్తున్నట్టు ఆ అబ్బాయికి చెప్పకు. చెప్తే నా కోసం ఆడతాడు. నాకు వాడి కోసం వాడు ఆడేది కావాలి.

క్షమాపణ అడగలేదు, నువ్వు చెప్పక్కర్లేదు. పచ్చడి తిను.

నాయనమ్మ


మేకన్
జూన్ 16

నాయనమ్మా,

ఇది రాజీవ్ అంకుల్ ఇంటికి పంపుతున్నాను, మీటింగ్ లోపు నీకు అందుతుంది.

శనివారం నువ్వు వచ్చావు. ఎయిర్‌పోర్ట్‌లో నడవగలిగినదాన్ని చక్రాల కుర్చీలో తోశారని విసుక్కుంటూనే వచ్చావు. రెండో వరసలో కూర్చున్నావు. ఓడిపోయాం. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టి "అన్నం తిన్నావా" అన్నావు, కారెక్కావు. ఆట గురించి ఒక్క ముక్క అనలేదు. నేను అడగలేకపోయాను.

వాడు అలా ఆడడు. ఒట్టు. మొదటి సగం బాగానే ఉంది కదా. చివర్లో బుద్ధి గడ్డి తింది. కేసీకి బంతి వేశాడు, జారిపోయింది. మళ్ళీ కేసీకే వేశాడు, మళ్ళీ జారిపోయింది. ఎడమ పక్కన ఇంకొకడు ఖాళీగా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. కోచ్ అటు చూపిస్తూ గొంతు పోయేలా అరిచాడు. వీడు మూడోసారి కూడా కేసీకే. అదీ పోయింది. నాలుగోసారి పట్టుకున్నాడు గానీ గీత దాటలేకపోయాడు. గంట మోగింది, అయిపోయింది.

నేను నీకు అబద్ధం చెప్పను. అక్కడ నిలబడి చూస్తుంటే, నేనే ఓనర్నయితే ఇవ్వనేమో అనిపించింది. ఇన్ని ఉత్తరాలు రాసి, నిన్ను తిట్టి, ఇప్పుడిలా అంటున్నాను. పెదనాన్న బయటికొస్తూ నా వైపు చూసి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి ఒకటి అనేదాన్ని.

ఆదివారం పొద్దున గడ్డి చుడుతుంటే వాడు వచ్చాడు. "ఎందుకు వాడికే వేశావ్?" అని మొహం మీదే అడిగాను. "అలా అడిగితే నీకర్థం కాదు" అన్నాడు. "అర్థమయ్యేలా చెప్పే తెలివి లేదా?" అన్నాను. వెళ్ళిపోయాడు.

నువ్వేం చేస్తావో చెయ్యి. నీ మీద అరవను.

నీ స్రవంతి


అల్ఫారెట్టా
జూన్ 22

చిరంజీవి స్రవంతికి, నిన్న మీటింగులో కాఫీ రెండుసార్లు అడిగి తాగిన నాయనమ్మ.

నీ ఉత్తరం బుధవారం అందింది. జవాబు వెంటనే రాయలేదు. చెయ్యెత్తే ముందు ఎవరికీ చెప్పకూడదని.

ముందు ఆట సంగతి. నువ్వు బంతిని చూశావు. నేను ఆ కేసీని చూస్తూ కూర్చున్నాను. మొదటిది జారినప్పుడు వాడి భుజాలు పడిపోయాయి. రెండోది జారినప్పుడు వాడు పక్కకి జరిగాడు. ఇక నాకు వెయ్యకురా అన్నట్టు, ఎవరికీ కనపడకుండా గోడ వైపు జరిగాడు. అలా జరిగే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. ఒకసారి జరిగితే ఆ ఏడాదంతా జరుగుతూనే ఉంటారు. మీ ఐజయ్య అది చూశాడు. చూసి, వెతికి మరీ వాడికే వేశాడు. నాలుగోసారికి వాడు పరిగెత్తుకుంటూ వచ్చి పట్టుకున్నాడు. ఆట పోయింది. ఆ పిల్లాడు పోలేదు.

నా పక్క సీట్లో ఒక పెద్దావిడ "ఐజయా, కళ్ళు తెరువు" అని ఆటంతా తిడుతూనే ఉంది. నువ్వు నంబరివ్వకపోతే ఏం, అమ్మమ్మలు గొంతు బట్టి తెలుస్తారు. మూడోసారి బంతి వేసినప్పుడు ఆవిడ తిట్టడం ఆపి నిట్టూర్చింది. "వీడు చిన్నప్పటి నుంచీ ఇంతే" అంది. తన సంచిలోంచి పల్లీలు తీసి పెట్టింది. ఉప్పు ఎక్కువైంది.

నిన్న రాజీవ్ వాళ్ళ బేస్‌మెంట్‌లో కూర్చున్నాం. అందరి ముందూ లాప్‌టాప్‌లు. ముగ్గురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. జగన్‌కి వాటా లేదు కాబట్టి గోడ పక్కన కుర్చీ వేశారు. అయినా వాడే ఎక్కువ మాట్లాడాడు. "మొన్న చూశారుగా, ఖాళీగా ఉన్నవాడిని వదిలేసి ఓడిపోయాడు. డెసిషన్ మేకింగ్ లేదు" అన్నాడు. తప్పేమీ అనలేదు, వాడు చూసింది అది. నన్ను అడిగితే లేచి నిలబడి చెప్పాను, తెలుగులోనే. నీకు పైన రాసిందే చెప్పాను. "బంతి దూరంగా వేసేవాళ్ళు డబ్బు పెడితే ఎక్కడైనా దొరుకుతారు. పక్కవాడు చచ్చిపోతుంటే చూసి, తన పేరు పోయినా సరే లేపేవాడు జట్టుకి ఒక్కడుంటాడు. వాడికి మూడేళ్ళు కాదు, ఇంకా ఇవ్వచ్చు" అన్నాను. చెయ్యెత్తాను. ఇద్దామని నలుగురు, వద్దని ముగ్గురు. అయిపోయింది.

ఇప్పుడు నీకు నచ్చనిది. చెయ్యెత్తే ముందు జగన్ లేచి ఒక మాట అన్నాడు. ఆ కాంట్రాక్ట్ ఇస్తే ఈ ఏడాది గడ్డి పరిచేవాళ్ళకి జీతం పెంచడానికి మిగలదట. "అమ్మా, నీ మనవరాలి పొట్ట నువ్వే కొడుతున్నావు" అన్నాడు. నా చెయ్యి ఆగింది. ఆ సంగతి అంతకు ముందు నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆగి ఆలోచిస్తే, మనవరాలి కోసం కిందికి దించే చెయ్యికి విలువేముంది అనిపించింది. తెలిసే ఎత్తాను. నీ జీతం పెరగలేదంటే దానికి నేనూ కారణం. ఇది ఇంకొకరి నోట వినకూడదని రాస్తున్నాను.

మీటింగు అయ్యాక జగన్ నా కాఫీ కప్పు తీసి పెట్టాడు. తర్వాత, "అమ్మా, నువ్వు మాట్లాడుతుంటే అందరూ ఫోన్లు కింద పెట్టేశారు తెలుసా" అన్నాడు. వాడి మొహం చూశాను. ఓడిపోయినవాడి మొహంలా లేదు.

కోపం వస్తే రాయి. రాకపోతే కూడా రాయి.

నాయనమ్మ


మేకన్
జులై 3

మ్యూల్స్ ఓనరు కోటమ్మ తాళ్లూరి గారికి,

ఈ ఉత్తరం మేం నలుగురం కలిసి రాస్తున్నాం. రాత నాది, మాట అందరిదీ. టామీ, లూర్దెస్, పెద్ద రే, నేను. వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి ఒక్కో వాక్యం చదివి ఇంగ్లీషులో చెప్పి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

మీరు ఐజయాకి ఇచ్చిన కాంట్రాక్ట్ సరైనదే. ఈ మాట పెద్ద రే ముందు ఒప్పుకోలేదు. మీరు కేసీ గురించి చెప్పింది నేను చదివి వినిపించాను. ఆయన "ఆవిడ అది చూసిందా?" అన్నాడు. ఒప్పుకున్నాడు.

కానీ వాడి డబ్బు మా డబ్బులోంచి ఎందుకు రావాలో మాకు అర్థం కాలేదు. అది ఎవరో పెట్టిన లెక్క. వాడు గోడకి గుద్దుకుని లేచి మళ్ళీ బంతి వేస్తున్నాడంటే ఆ గోడకి ప్యాడ్ ఉంది కాబట్టి. కేసీ నాలుగోసారి పరిగెత్తుకుంటూ వచ్చాడంటే కాలి కింద గడ్డి జారలేదు కాబట్టి. పక్కవాడిని చూసేవాడికి ఇవ్వాలని మీరే అన్నారట. మేం వాళ్ళందరినీ చూస్తూనే ఉన్నాం. మా జీతం పెంచాలి. అద్దాల గదికి కొత్త సోఫాలు కొంటున్నారని విన్నాం, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఆగస్టు మీటింగ్‌లో ఈ సంగతి పెట్టమని అడుగుతున్నాం. మాలో ఒకరు వచ్చి మాట్లాడతారు. ఎవరో మీకు తెలిసే ఉంటుంది. మీరు ఎవరి వైపు చెయ్యెత్తినా సరే, మా మాట పూర్తిగా విని ఎత్తండి.

కింద నలుగురి సంతకాలూ ఉన్నాయి.

ఇక మిగిలింది నా సొంతం, వాళ్ళకి చదివి వినిపించలేదు.

ఐజయా సోమవారం సంతకం పెట్టాడు. గొడౌన్ మానేశాడు. పేర్ల పలక దగ్గరికొచ్చి, నన్ను పిలిచి, "ఈ ఏడో పేరు ఎలా పలకాలి?" అన్నాడు. పలికి చూపించాను. నాలుక తిరగలేదు. వచ్చేదాకా వదల్లేదు. "ఎవరీవిడ?" అన్నాడు. "మా నాయనమ్మ. మీ అమ్మమ్మ పల్లీల్లో ఉప్పు ఎక్కువైందంది" అన్నాను. వాడు నవ్వడం మొదటిసారి చూశాను. ఇది ఎవరికీ చెప్పకు, మళ్ళీ అమ్మ ఏడుస్తుంది.

కోపం వచ్చిందా అంటే వచ్చింది. రెండు రోజులు అందరి మీదా విసుక్కున్నాను. మూడో రోజు లూర్దెస్ ఏమైందని అడిగితే, "మా ఓనరు నా జీతం పెరగకుండా ఆపింది" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతులో ఏదో గొప్పగా వినపడిందట. లూర్దెస్ అంది. నిజమే అయ్యుంటుంది.

ఓనరు గారి జవాబు కోసం మేం నలుగురం చూస్తుంటాం. నాయనమ్మ జవాబు రాయక్కర్లేదు. ఈ ఉత్తరం నా చేత రాయించింది ఆవిడేనని నాకు తెలుసు.

స్రవంతి తాళ్లూరి
గడ్డి, గోడలు
మేకన్ మ్యూల్స్